పదో నిమిషం ముక్క: బఫెలోలో పది నెలల వింగ్స్ పుస్తకం

జనవరి

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకు వచ్చి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ వింగ్స్, అంటే కారం సాస్ పట్టించిన కోడి రెక్కల వేపుడు, తిన్నానే కానీ, ఏ చోట ఎందుకు బాగున్నాయని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఈ ఏడాది ఒక నోటు పుస్తకం కొన్నాను. నెలకు రెండు చోట్ల తిని, ఇంటికి రాగానే రాసుకోవాలన్నది పథకం. ఇక్కడి యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్న మా బావమరిది తోడు వస్తానన్నాడు. మా ఆవిడ మాంసం తినదు, కాబట్టి తీర్పులో పక్షపాతం లేకుండా పుస్తకం చదివి ప్రశ్నలడిగే పని ఆమెది.

ఈ ఊళ్లో ఎవరూ బఫెలో వింగ్స్ అనరు, ఉత్త వింగ్స్ అంటారు. పది ముక్కలు సింగిల్, ఇరవై డబుల్, యాభై బకెట్. కోడి రెక్కను కీలు దగ్గర కోస్తే రెండు ముక్కలొస్తాయి. భుజం వైపుది డ్రమ్, మధ్యది ఫ్లాట్. కొసన ఉండే సన్న ముక్కను తీసేస్తారు. పైన పిండి పూత ఉండదు. నూనెలో వేగిన తోలు మీద కారం సాస్, వెన్న కలిపిన పూత, పక్కన సెలరీ కాడలు, ముంచుకోవడానికి ఘాటు వాసన వేసే బ్లూ చీజ్ సాస్. అంతే.

నియమాలు పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్లినా మొదట మీడియం కారం, ఒక సింగిల్. మొదటి ముక్కను దేనిలోనూ ముంచకుండా తినాలి. ఆర్డరిచ్చిన సమయం, పళ్లెం వచ్చిన సమయం రాయాలి. తిన్నాక పళ్లెం అడుగున ఎంత సాస్ మిగిలిందో చూడాలి. ఖర్చు కూడా రాస్తున్నాను. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో 8.75 శాతం పన్ను, దాని పైన టిప్పు కలిపితే ఒక సింగిల్ చాలాచోట్ల ఇరవై డాలర్లకు అటూ ఇటూ పడుతోంది.

మొదటి పేజీ యాంకర్ బార్‌కే ఇవ్వాలి. మెట్రోలో సమ్మర్–బెస్ట్ స్టేషనులో దిగి మెయిన్ స్ట్రీట్ వెంట దక్షిణంగా మంచులో నడిచాం. 1964లో తెరెసా బెల్లిసిమో ఈ వంటింట్లోనే రెక్కల్ని వేయించి, కారం సాస్ పట్టించి పెట్టిందన్నది ఊరంతా చెప్పే కథ. అంతవరకు రెక్కలంటే సూపుకుండలోకి పోయేవే. ఆ కథనూ రెండు రకాలుగా చెబుతారు. పొరపాటున వేరే ముక్కలకు బదులు రెక్కలు దిగాయని భర్త ఫ్రాంక్ చెప్పాడు. శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక మాంసం తినవచ్చని ఎదురుచూస్తున్న కాథలిక్ కుర్రాళ్ల కోసం అమ్మ చేసిందని కొడుకు డొమినిక్ చెప్పాడు. నాకు రెండోదే నచ్చుతుంది. కార్తీక సోమవారం నక్షత్రం కోసం ఆకాశం చూసిన ఇంట్లో పెరిగినవాణ్ణి, ఆ ఎదురుచూపు నాకు తెలుసు.

కానీ అదే దశకంలో జెఫర్సన్ ఎవెన్యూలో జాన్ యంగ్ అనే ఆఫ్రికన్ అమెరికన్ వంటవాడు రెక్కల్ని కోయకుండా, పిండి పూతతో వేయించి, టమాటాతో చేసే మంబో సాస్ పోసి అమ్మేవాడు. వింగ్స్ పేరు చెప్పినప్పుడల్లా ఆయన పేరు కూడా చెప్పాలని నా పట్టుదల. అందుకే పుస్తకం మొదటి పేజీలో రెండు పేర్లూ రాశాను.

యాంకర్ బార్ నమోదు: పద్దెనిమిది నిమిషాలు. తోలు కరకర, సాస్ పలచన, ముందు వెనిగర్ పులుపు, తర్వాత వెన్న, చివర కారం. అడుగున మిగిలింది రెండు చెంచాలు.

ఫిబ్రవరి

షెరిడన్ డ్రైవ్, మిల్లర్స్‌పోర్ట్ హైవే కలిసే మూల మీద డఫ్స్. వీళ్లు 1969 నుంచి వింగ్స్ చేస్తున్నారు. మీడియం అంటే కారమే, మీడియం హాట్ అంటే బాగా కారం, హాట్ అంటే మరీ మరీ కారం అని ముందే హెచ్చరిస్తారు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు కాబట్టి బావమరిది ఆ హెచ్చరికను పట్టించుకోకుండా హాట్ చెప్పాడు. రెండు ముక్కలు తిని ఆగాడు.

"బావగారూ, నోరు మండటం లేదు. ముక్కుపుటాలు మండుతున్నాయి. ఇది కారమా, పులుపా?"

మంచి ప్రశ్న. వేడి వేడి సాస్ లోంచి లేచే వెనిగర్ ఆవిరి అది. ఈ సాస్‌లకు మూలం కయెన్ మిరపకాయ. కాయగా అయితే దాని ఘాటు ముప్ఫై వేల నుంచి యాభై వేల స్కోవిల్ (మిరప ఘాటును కొలిచే లెక్క) దాకా ఉంటుంది, అంటే మన గుంటూరు సన్నాలకు దూరం కాదు. కానీ ఊళ్లో ఎక్కువమంది వాడే ఫ్రాంక్స్ రెడ్‌హాట్ సీసాలోకి వచ్చేసరికి అది 450 దగ్గరికి దిగిపోతుంది. పండు మిరపను ఉప్పులో మాగబెట్టి, వెనిగర్‌తో పలచన చేస్తారు. కారం చెప్పి బెదిరించే చోట్ల సాస్‌కు మరో ఘాటైన మిరప తోడవుతుంది. అందుకని ఇకపై నా పుస్తకంలో కారానికి మార్కులు లేవు. కారం పెంచడం ఎవరికైనా చేతనవుతుంది.

ఇక్కడి ముక్కలు సాస్‌లో తడిసి వస్తాయి, గిన్నె అడుగున ఎర్రగా మడుగు కడుతుంది. మాటల్లో పడి చివరి రెండు ముక్కలు ఆలస్యంగా తిన్నాను. తోలు మెత్తబడింది, కానీ సాస్ కండలోకి దిగి వేరే రుచి వచ్చింది. అదే వాళ్ల పద్ధతి, దాని కోసమే వచ్చేవాళ్లున్నారు. ఆ రాత్రే ఇంకో నియమం రాసుకున్నాను: ప్రతి చోటా ఒక ముక్కను పక్కన పెట్టి, సరిగ్గా పది నిమిషాల తర్వాత తినాలి. వేడిగా ఉన్నప్పుడు ఏ ముక్కయినా బాగుంటుంది. వేయించిన చేతి పనితనం పదో నిమిషంలో తెలుస్తుంది.

మార్చి

ఈ నెల ఒకే చోటు, పేరు రాయను. మొదటి ముక్క కొరికితే ఎముక పక్కన కండ గులాబి రంగులో, రబ్బరులా సాగింది. వెనక్కిస్తే మర్యాదగానే మళ్లీ వేయించి తెచ్చారు. లేత కోడి ఎముక దగ్గర రంగు ఒక్కోసారి అలా ఉంటుంది, రంగు చూసి పచ్చిదనలేం. కోడి మాంసానికి 74 డిగ్రీల సెల్సియస్ వస్తే భయం లేదు. అయితే రెక్కకు అది చాలదు. కీళ్ల దగ్గరి జిగురు కరిగి, కండ ఎముకను వదలాలంటే 85 దాటాలి. మరుసటి రోజే వంటింటి థర్మామీటరు కొన్నాను.

ఏప్రిల్

ఈస్ట్ అరోరాలో బార్‌బిల్ టావెర్న్. బఫెలో శివారు ఆమ్‌హర్స్ట్ నుంచి కారులో అరగంట. ఈ ఏడాది నేను తిన్న వింగ్స్‌లో దీని గురించే ఎక్కువ రాశాను, మూడు పేజీలు.

ఇక్కడ ముక్కల్ని సాస్‌లో వేసి కుదపరు. ఒక్కొక్క ముక్కకూ కుంచెతో పూస్తారు. గోడకు రంగు వేసినట్టు అటొకసారి, ఇటొకసారి. ఊళ్లో అందరూ చెప్పే మాటే అయినా, పళ్లెం ఎదురుగా వచ్చాక గానీ దాని అర్థం తెలియలేదు. సాస్ మడుగు లేదు. తోలు మీద మెరుపు మాత్రమే ఉంది. పదో నిమిషం ముక్క కొరికినప్పుడు పక్క కుర్చీలో ఉన్న బావమరిదికి చప్పుడు వినిపించింది.

ఫ్లాట్ తినే పద్ధతి కూడా ఆ రోజే చేతికొచ్చింది. ఫ్లాట్‌లో సమాంతరంగా రెండు ఎముకలుంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. ముక్కను నిలువుగా పట్టుకుని, రెండు ఎముకల కొసలు కలిసే చోట బొటనవేలితో మెల్లగా నొక్కితే మెత్తటి ఎముక టప్పున విడుతుంది. అప్పుడు సన్న ఎముకను పట్టి గుండ్రంగా తిప్పాలి. లాగకూడదు, లాగితే కండ చీలిపోతుంది. అర చుట్టు తిరిగేసరికి కండ వదులై, ఎముక తెల్లగా, శుభ్రంగా బయటికి జారుతుంది. లావు ఎముకను కూడా అలాగే తిప్పి తీస్తే, తోలు, కండ, సాస్ అన్నీ కలిసి ఒక ముద్దగా మిగులుతాయి. ఎముక జారకపోతే ముక్క సరిగా ఉడకలేదని అర్థం. ఇప్పుడు నాకు థర్మామీటరు కంటే ఇదే నమ్మకమైన పరీక్ష.

బీఫ్ తినేవాళ్లు ఇక్కడి బీఫ్ ఆన్ వెక్ కోసం కూడా వస్తారు. ఉప్పు కల్లు, షాజీరా చల్లిన బన్నులో పలచగా కోసిన మాంసం, ముక్కుకెక్కే హార్స్‌రాడిష్. మేం తినలేదు. పక్క బల్ల మీంచి వచ్చిన వాసన మాత్రం రాసుకున్నాను.

మే, జూన్

ఎల్మోస్‌లో రెండుసార్లు ముంచే పద్ధతి చూశాను: వేయించి సాస్ పట్టించి, సెగ మీద కాల్చి, మళ్లీ సాస్. అంచులు కాస్త మాడి తీపి పడుతుంది. లా నోవాలో బార్బెక్యూ వింగ్స్ తిన్నాం. రెండూ నచ్చాయి, కానీ నేను వెతుకుతున్న దారి అది కాదు.

బావమరిదికి మాత్రం పిజ్జా కొట్లలో దొరికే చికెన్ ఫింగర్ సబ్ మీద మనసు పడింది. ఎముకలేని వేపుడు ముక్కల్ని కారం సాస్‌లో దొర్లించి, పొడవాటి బ్రెడ్డులో ప్రోవొలోన్ చీజ్, పాలకూర లాంటి లెట్యూస్, టమాటా, బ్లూ చీజ్‌తో ఇస్తారు. విద్యార్థికి ఒక సబ్ రెండు పూటలు వస్తుంది. బఫెలో చికెన్ అనే మాటకు తగిన వంటకం నా లెక్కలో ఇదే. ఎముక లేని ముక్కల్ని వింగ్స్ అని పిలవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

బ్లూ చీజ్ గురించి ఒక మాట. మొదట్లో ఆ వాసనకు వెనకాడాను. ఇప్పుడు మంచి చోటును దాన్ని చూసే గుర్తుపడతాను. చిక్కగా, చెంచాతో తీస్తే పలుకులు తగలాలి. కారం తిన్నాక నీళ్లు తాగితే మంట తగ్గదు. పాల పదార్థంలోని కేసిన్ మిరప ఘాటును పట్టుకుని కడిగేస్తుంది. ఆవకాయ అన్నం తర్వాత పెరుగన్నం చేసే పనే ఇది కూడా. దాని బదులు రాంచ్ అనే మజ్జిగ సాస్ అడిగితే ఈ ఊళ్లో ఒకలా చూస్తారు.

జులై, ఆగస్టు

ఇంట్లో ప్రయత్నాలు. లోతైన ఇనుప మూకుడు, నూనె 190 డిగ్రీల దగ్గర, పన్నెండు నిమిషాలు. మొదటిసారి ఇరవై ముక్కలు ఒకేసారి వేశాను. నూనె 150కి పడిపోయి, ముక్కలు వేగకుండా ఉడికాయి. ఎనిమిదికి మించి వేయకూడదని రాసుకున్నాను. రెక్కల్ని ముందు రోజు రాత్రే తుడిచి, ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో జల్లెడ మీద ఆరబెడితే తోలు బిగుస్తుంది. ఇది అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా.

సాస్: అర కప్పు కారం సాస్‌కు మూడో వంతు కప్పు వెన్న. సాస్‌ను గోరువెచ్చగా చేసి, పొయ్యి ఆర్పాక చల్లటి వెన్న ముక్కలు ఒక్కొక్కటిగా కలపాలి. మరిగితే వెన్న విడిపోయి పైన తేలుతుంది. మిరప్పొడితో చేద్దామని చూస్తే పొడి కరగలేదు, నాలుకకు ఇసుకలా తగిలింది. పైగా ఆ మాగిన పులుపు రాలేదు.

ఈ సంగతి ఫోనులో చెబుతుంటే మా అమ్మ అంది: "పండుమిరప తొక్కి ఉప్పులో మాగేసింది అంటున్నావు. అది కొరివికారమే కదరా. చింతపండు వేయకముందు జాడీలో ఎలా ఉంటుందో గుర్తు చేసుకో."

సీసా మూత తీసి వాసన చూశాను. వెనిగర్ వెనక నిజంగా ఆ జాడీయే ఉంది. ఎనిమిది నెలలుగా ఏదో తెలిసిన రుచి అనిపిస్తున్నది ఇదేనని అప్పుడు అర్థమైంది.

సెప్టెంబరు

శనివారం పొద్దున క్లింటన్–బెయిలీ మార్కెట్‌లో పండిన ఎర్ర మిరపకాయలు అరకిలో కొన్నాను. తొడిమలు తీసి, కడిగి పూర్తిగా ఆరబెట్టి, 15 గ్రాముల ఉప్పుతో రుబ్బి గాజు సీసాలో పెట్టాను. మన నిల్వ పచ్చడిలో ఇంతకంటే చాలా ఎక్కువ ఉప్పు పడుతుంది. ఇక్కడ పులియాలి కాబట్టి తక్కువ వేశాను. రెండో రోజు నుంచి బుడగలు వచ్చాయి. రోజూ మూత కొంచెం వదులు చేసి గాలి వదిలి, పైకి తేలిన ముద్దను శుభ్రమైన చెంచాతో కిందికి నొక్కాను.

ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బిల్స్ ఆటలు మొదలయ్యాయి. ఆదివారం ఆట సమయానికి వింగ్స్ కావాలంటే పొద్దున్నే ఫోను చేసి వేళ చెప్పి పెట్టాలి, లేకపోతే గంటన్నర ఆగాలి. ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఎక్స్‌ట్రా క్రిస్పీ అని చెప్పి, సాస్ విడిగా అడుగుతున్నాను. కారెక్కగానే డబ్బా మూత తెరుస్తాను. మూసి ఉంచితే ఆవిరి తోలును నానబెడుతుంది. ఇరవై నిమిషాల ప్రయాణం తర్వాత కూడా ఈ పద్ధతిలో కరకర నిలుస్తోంది.

అక్టోబరు

నాలుగు వారాలకు సీసా తెరిచాను. ముద్ద ఎర్రగా ఉంది, బూజు లేదు, శుభ్రమైన పుల్లటి వాసన. ఒక కప్పు తెల్ల వెనిగర్, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో మళ్లీ రుబ్బి, జల్లెడ పట్టాను. వెన్న కలిపి, బార్‌బిల్‌లో చేసినట్టు కుంచెతో పూశాను.

బావమరిది మొదటి ముక్క మాట్లాడకుండా తిన్నాడు. రెండోది పక్కన పెట్టి ఫోనులో పది నిమిషాలకు గంట పెట్టాడు. గంట మోగాక కొరికి, "తోలు నిలిచింది బావగారూ. కాకపోతే సాస్‌లో వెల్లుల్లి ఎక్కువైంది, సీసా దానిలో అంత ఉండదు" అన్నాడు. నిజమే. వచ్చేసారి రెండు రెబ్బలు. మాగే సమయం ఆరు వారాలు.

పుస్తకంలో ఇప్పటికి పదిహేడు చోట్లు. నవంబరుకు హ్యాంబర్గ్‌లో మామోసర్స్, సౌత్ బఫెలోలో నైన్ ఎలెవెన్ టావెర్న్ మిగిలాయి. మంచు పడకముందే హ్యాంబర్గ్ వెళ్లిరావాలి.