అలలు లేని చోటు

కొబ్బరి చెట్ల నీడలోంచి బయటికి రాగానే ఎదురుగా సముద్రం. ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ, దూరంగా ముదురు నీలం. పిల్లలు అప్పుడే చెప్పులు విడిచేశారు. పది నిమిషాలు ఆగమన్నాను.

నీళ్లలో దిగే ముందు కాసేపు నిలబడి చూడడం నాకు అలవాటు. రెండు పక్కలా తెల్లటి నురుగుతో అలలు విరుగుతుంటే, మధ్యలో ఓ పాయ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉంది. ఇసుక కలిసిన నురుగు అందులోంచి లోపలికి జారిపోతోంది. మా చిన్నది సరిగ్గా దాన్నే చూపించి, "నాన్నా, అక్కడ అలల్లేవు, అక్కడ దిగుదాం" అంది. గుండె ఝల్లుమంది. అదే రిప్ కరెంట్, ఒడ్డుకు చేరిన నీళ్లు తిరిగి వెళ్లే దారి. ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లకు మించిన వేగంతో లాగుతుంది. ఎంత ఈతగాడైనా ఎదురీదలేడు.

ఇసుకలో పుల్లతో గీసి చెప్పాను: చిక్కుకుంటే ఒడ్డు వైపు కొట్టుకోవద్దు. అది కిందికి లాగదు, లోపలికే లాగుతుంది. వెల్లకిలా తేలు, చెయ్యెత్తి పిలువు. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదు.

తర్వాత ఎరుపు, పసుపు జెండాల మధ్య, లైఫ్‌గార్డ్ కళ్లెదుటే దిగాం. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మోకాళ్ల లోతులోనూ చిన్నది నా వేలు వదల్లేదు.