నెట్ క్రిమినాలజీ: పరిశోధన పద్ధతులను నేను చదివిన తీరు

నేరశాస్త్రంలో (క్రిమినాలజీ) యూజీసీ-నెట్ అర్హత పరీక్ష రాయబోతున్న మిత్రులు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క యూనిట్ చుట్టూనే తిరుగుతాయి. "లోంబ్రోసో నుంచి మెర్టన్ దాకా సిద్ధాంతాలు వచ్చేశాయి, శిక్షాశాస్త్రం ఫర్వాలేదు, రీసెర్చ్ మెథడ్స్ మాత్రం ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదు" అంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. చాలా గైడ్లు ఈ యూనిట్‌ను నిర్వచనాల జాబితాగా మార్చేశాయి. పరికల్పన అంటే ఇది, చరం అంటే ఇది, శాంప్లింగ్ ఇన్ని రకాలు. ఆ జాబితాలో ఎక్కడా నేరం కనిపించదు, పోలీస్ స్టేషన్ కనిపించదు, బాధితుడు కనిపించడు. ఇక మనసులో ఏం నిలుస్తుంది?

నేను దీన్ని చివరికి మిగుల్చుకోకుండా అన్నిటికంటే ముందు చదివాను. నా ప్రిపరేషన్‌లో నాకు ఎక్కువ మేలు చేసిన నిర్ణయం అదే. ఒక్కో పద్ధతికి ఒక్కో నిజమైన అధ్యయనాన్ని పట్టుకుని, అందులో ఎవరు ఎవరిని లెక్కించారు, ఎలా లెక్కించారు, లెక్కకు అందకుండా ఎవరు మిగిలిపోయారు అని అడుగుతూ వెళ్లాను. ఇలా చదివితే మిగిలిన యూనిట్లు కూడా కలిసివస్తాయి. ఉదాహరణకు మార్విన్ ఉల్ఫ్‌గాంగ్ బృందం 1972లో ప్రచురించిన ఫిలడెల్ఫియా అధ్యయనం చూడండి. 1945లో పుట్టి ఆ నగరంలో పెరిగిన 9,945 మంది అబ్బాయిల రికార్డులను పరిశీలిస్తే, వాళ్లలో 627 మంది, అంటే సుమారు ఆరు శాతం మంది, మొత్తం నేరాల్లో సగానికి పైగా చేసినట్టు తేలింది. పద్ధతుల యూనిట్‌లో ఇది కోహార్ట్ స్టడీ, అంటే ఒకే ఏడాది పుట్టినవారి వంటి ఒక సమూహాన్ని కాలం వెంట పరిశీలించే అధ్యయనం. సిద్ధాంతాల యూనిట్‌లో పదేపదే నేరం చేసేవారి గురించిన చర్చకు ఇదే పునాది. ఒకసారి చదివితే రెండు చోట్లా పనికొస్తుంది.

పరీక్ష సంగతి తెలియనివారికి రెండు మాటలు. పేపర్-1లో 50, పేపర్-2లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, మొత్తం 300 మార్కులకు మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు. పేపర్-1లో కూడా రీసెర్చ్ ఆప్టిట్యూడ్, డేటా ఇంటర్‌ప్రిటేషన్ ఉన్నాయి కాబట్టి ఇక్కడ పెట్టిన శ్రమ ఆ పేపర్‌కూ అక్కరకొస్తుంది.

మొదట చేతిలోకి తీసుకోవలసింది పాఠ్యపుస్తకం కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే 'క్రైమ్ ఇన్ ఇండియా' నివేదిక. 1953 నుంచి ఈ నివేదికలు ఉన్నాయి, బ్యూరో ఏర్పడింది 1986లో. ఈ రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోండి. పట్టికల కంటే ముందు అందులోని నిర్వచనాలు, పరిమితుల పేజీలు చదవండి. ఆ కొన్ని పేజీలే ఒక పాఠం.

ఒక సంఖ్య ఆ పట్టికలోకి ఎలా వస్తుందో అడుగడుగునా చూద్దాం. ఒక మహిళ మెడలో గొలుసు తెంపుకుపోయారు. ఆమె స్టేషన్‌కు వెళ్లాలా వద్దా అని ఇంట్లో ఆలోచిస్తారు. వెళ్లకపోతే ఆ నేరం అక్కడితో మాయం. వెళితే అధికారి ఎఫ్ఐఆర్ కట్టాలి. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం) జరిగిందని సమాచారం వస్తే నమోదు తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా నమోదు కాని ఫిర్యాదుల సంగతి మనకు తెలియనిది కాదు. నమోదు చేసేటప్పుడు ఏ సెక్షన్ పెడతారన్నది ఇంకో మెట్టు. అది దొంగతనమా, గొలుసు లాక్కోవడమా, దోపిడీయా? ఆ తర్వాత ప్రధాన నేర నియమం ఉంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో హత్య, దోపిడీ రెండూ ఉంటే లెక్కలోకి వచ్చేది హత్య ఒక్కటే. ఇన్ని మెట్లు దాటాక ఆ ఘటన జిల్లా, రాష్ట్ర స్థాయిల మీదుగా ఢిల్లీ చేరి పట్టికలో ఒక అంకె అవుతుంది. ఈ దారిని ఒక కాగితం మీద మీరే గీసి, ప్రతి మెట్టు దగ్గరా ఏం జారిపోతుందో రాసుకోండి. 'డార్క్ ఫిగర్ ఆఫ్ క్రైమ్' అనే మాటకు ఆ తర్వాత వేరే నిర్వచనం బట్టీ పట్టనక్కర్లేదు.

రేట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. నేరాల రేటు లక్ష జనాభాకు లెక్కిస్తారు. మహిళలపై నేరాల రేటుకు హారంలో మహిళా జనాభానే తీసుకుంటారు. శిక్షల రేటు అంటే నమోదైన కేసుల్లో ఎన్నింటికి శిక్ష పడిందన్నది కాదు, విచారణ పూర్తయిన కేసుల్లో ఎన్నింటికి పడిందన్నది. కోర్టుల్లో పెండింగ్ ఎంత పెరిగినా ఈ రేటు ఎక్కువగానే కనిపించవచ్చు. ఇది గ్రహించినవారికి పేపర్-1 పట్టికల ప్రశ్నలూ తేలికవుతాయి.

ఇప్పుడు అసలు ఉదాహరణ. ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం దేశంలో నమోదైన అత్యాచార కేసులు 2012లో 24,923. 2013లో 33,707. ఒక్క ఏడాదిలో ఇంత పెరుగుదల. నేరం పెరిగిందా? ఆ రెండేళ్ల మధ్య ఏం జరిగిందో చూడండి. 2012 డిసెంబరులో ఢిల్లీ నిర్భయ ఘటన దేశాన్ని కదిలించింది, ఫిర్యాదు చేయడానికి ముందుకొచ్చినవారు పెరిగారు. 2012 నవంబరులో, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. 2013లో నేర చట్ట సవరణ అత్యాచారం నిర్వచనాన్ని విస్తరించింది, లైంగిక నేరాల ఫిర్యాదును నమోదు చేయని అధికారిని శిక్షించే నిబంధన తెచ్చింది. కనిపించిన మార్పు మనం అనుకున్న కారణం వల్లే వచ్చిందని చెప్పగలగడం అంతర్గత సప్రమాణత. పరిశోధన పద్ధతుల నిపుణులు కాంప్‌బెల్, స్టాన్లీ దానికి చెప్పిన ముప్పుల్లో రెండు ఇక్కడే కళ్లెదుట ఉన్నాయి. దేశాన్ని కదిలించిన ఘటన 'హిస్టరీ'. కొలిచే నిర్వచనమే మారిపోవడం 'ఇన్‌స్ట్రుమెంటేషన్'. "కేసులు పెరిగాయి" అని ప్రతిపాదన, "నేరాలు పెరిగాయి" అని కారణం ఇచ్చి జవాబు ఎంచుకోమంటే, మొదటిది నిజమని, రెండోది ఈ లెక్కతో రుజువు కాదని తడుముకోకుండా చెప్పగలగాలి. నమోదు పెరగడం వేరు, నేరం పెరగడం వేరని ఆ నివేదికే పాఠకులను హెచ్చరిస్తుంది. ఇది పరీక్షకు మించిన విషయం అని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్కువ కేసులు నమోదు చేసిన రాష్ట్రాన్ని చెడ్డదని తిట్టడం మొదలుపెడితే, ఆ తిట్టు తప్పించుకోవడానికి స్టేషన్లు ఫిర్యాదులు తీసుకోవడం మానేస్తాయి. నష్టపోయేది ఆ గడప తొక్కిన బాధితురాలే.

పోలీసు లెక్కకు అందనిదాన్ని ఎలా కొలుస్తారన్నది తర్వాతి మెట్టు. అమెరికాలో జాతీయ బాధితుల సర్వే 1973లో, బ్రిటిష్ క్రైమ్ సర్వే 1982లో మొదలయ్యాయి. మన దగ్గర అలాంటి వార్షిక సర్వే లేదు, కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస మాడ్యూల్ ఉంది. 2019-21లో జరిగిన అయిదో సర్వేలో, పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో 29 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పారు. హింసను ఎదుర్కొన్న మహిళల్లో సాయం కోరినవారు 14 శాతమే. సర్వే లెక్కకూ స్టేషన్ లెక్కకూ మధ్య ఉన్న అగాధం ఈ రెండు సంఖ్యల్లోనే ఉంది. అడిగిన తీరును కూడా గమనించండి. ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకుంటారు. ఏకాంతం దొరకకపోతే ఆ ప్రశ్నలు అడగనే అడగరు. ఆమె చెప్పిన జవాబు ఇంట్లో మరొకరి చెవిన పడితే ఆమెకే ప్రమాదం. పరిశోధన నైతికత అన్న శీర్షిక కింద ఉండే 'పాల్గొనేవారికి హాని కలగకూడదు' అనే వాక్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ప్రయోగ పద్ధతికి నేను పట్టుకున్నది అమెరికాలోని మినియాపొలిస్ నగరం. 1981-82లో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ అక్కడి పోలీసులతో కలిసి చేసిన ప్రయోగం ఇది. తీవ్ర గాయాలు లేని గృహహింస కేసుల్లో పోలీసు ఏం చేయాలి? అరెస్టు చేయాలా, సలహా చెప్పి సర్దిచెప్పాలా, అతడిని ఎనిమిది గంటలపాటు ఇంటి నుంచి పంపేయాలా? అప్పటిదాకా ఎవరి అభిప్రాయం వారిది. పాల్గొన్న పోలీసులకు మూడు రంగుల ఫారాలు కలగలిపిన ప్యాడ్ ఇచ్చారు. ఇంటికి వెళ్లాక పైనున్న ఫారం ఏ రంగుదైతే ఆ చర్యే తీసుకోవాలి. యాదృచ్ఛిక కేటాయింపు అంటే ఆ ప్యాడే. తన ఇష్టాయిష్టాలను బట్టి మంచివాడిలా కనిపించినవాడిని వదిలేసి, ఎదురుతిరిగినవాడిని అరెస్టు చేసే అవకాశాన్ని పోలీసు చేతిలోంచి అది తీసేసింది. 314 కేసులను విశ్లేషించారు. ఆరు నెలల్లో మళ్లీ హింసకు దిగినట్టు పోలీసు రికార్డుల్లో తేలినవారు అరెస్టయినవారిలో 10 శాతం, సలహాతో వదిలినవారిలో 19 శాతం, ఇంటి నుంచి పంపించినవారిలో 24 శాతం.

ఫలితం దగ్గర ఆగకండి, ప్రశ్నలు దాని తర్వాతే పుడతాయి. తర్వాతి ఫారం ఏ రంగుదో పోలీసుకు ముందే కనిపించే వీలుంది కదా? అరెస్టు ఫారం వచ్చిన కేసుల్లో దాదాపు అన్నింటిలోనూ అరెస్టు జరిగింది, మిగిలిన రెండు చర్యల్లో నాలుగో వంతు దాకా చెప్పినట్టు జరగలేదు. బాధితుల తదుపరి ఇంటర్వ్యూలన్నీ పూర్తయింది సగం మందితోనే, అంటే పాల్గొన్నవారు మధ్యలో జారిపోయే 'మోర్టాలిటీ' ముప్పు. ఈ ఒక్క అధ్యయనం ఆధారంగా అమెరికాలో అనేకచోట్ల అరెస్టు అనుకూల విధానాలు బలపడ్డాయి. తర్వాత ఒమాహా, షార్లెట్, మిల్వాకీ వంటి నగరాల్లో మళ్లీ చేస్తే ఫలితం ఒకేలా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగం లేనివారిని అరెస్టు చేస్తే హింస ఇంకా పెరిగినట్టు కనిపించింది. బాహ్య సప్రమాణత, అంటే ఒకచోటి ఫలితం వేరేచోటా వర్తించడం, ఎందుకు కావాలో, ప్రయోగాన్ని తిరిగి చేయడం ఎందుకు అవసరమో దీంతో అర్థమవుతుంది. 498-ఎ కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని మన సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో చెప్పింది. అరెస్టు వల్ల, అరెస్టు చేయకపోవడం వల్ల మన ఇళ్లలో ఏం జరుగుతోందో ఇలాంటి ప్రయోగంతో తేల్చుకోవలసిన అవసరం మనకూ ఉంది. మీలో ఎవరైనా పీహెచ్‌డీకి అంశం వెతుకుతుంటే దీని గురించి ఆలోచించండి.

'రిగ్రెషన్' ముప్పు, అంటే అసాధారణ సంఖ్య దానంతట అదే సగటు వైపు రావడం, చాలామందిని ఇబ్బంది పెడుతుంది. దానికి అమెరికాలోని కనెక్టికట్ చాలు. ఆ రాష్ట్రంలో 1955లో రోడ్డు ప్రమాదాల్లో 324 మంది చనిపోయారు. గవర్నర్ వేగంపై ఉక్కుపాదం మోపారు, 1956లో మరణాలు 284కు తగ్గాయి. ఘనత చర్యలదేనని ప్రకటించారు. కాంప్‌బెల్, రాస్ 1968లో అంతకుముందు, ఆ తర్వాత ఏళ్లనూ, పొరుగు రాష్ట్రాలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. 1955 అసాధారణంగా చెడ్డ ఏడాది, అంత ఎత్తుకు వెళ్లిన సంఖ్య ఎవరేమీ చేయకపోయినా కొంత దిగే అవకాశం ఉంది. ఈసారి వార్తాపత్రికలో 'ప్రత్యేక డ్రైవ్‌తో ప్రమాదాలు తగ్గాయి' అన్న వార్త చూస్తే, డ్రైవ్‌కు ముందు నాలుగైదేళ్ల సంఖ్యలు ఇచ్చారో లేదో చూడండి.

గణాంకాల భాగానికి ఎక్కువ సమయం వద్దు. కొలమాన స్థాయిల్లో నేరం రకం నామమాత్ర స్థాయి, నేరభయాన్ని 'చాలా, కొంత, లేదు' అని అడిగితే క్రమ స్థాయి, జైలుశిక్ష నెలలు నిష్పత్తి స్థాయి. ఏ స్థాయికి ఏ గణాంక పరీక్ష వాడాలో తెలిస్తే కై-స్క్వేర్, టి-టెస్ట్, అనోవా ప్రశ్నల్లో చాలావరకు వచ్చేస్తాయి. టైప్-1, టైప్-2 దోషాలకు కోర్టును తలచుకోండి: నిర్దోషి అన్నది శూన్య పరికల్పన, నిర్దోషికి శిక్ష వేయడం మొదటి దోషం, దోషిని వదిలేయడం రెండోది.

నోట్స్ విషయంలో నేను ఒక్కో అధ్యయనానికి ఒక్కో పేజీ పెట్టుకున్నాను. పైన పేరు, సంవత్సరం, ఊరు. కింద డిజైన్, శాంపిల్, ఫలితం, లోపం. కాన్సాస్ సిటీ గస్తీ ప్రయోగం, స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం, లండన్‌లో 411 మంది అబ్బాయిలను ఏళ్ల తరబడి అనుసరించిన కేంబ్రిడ్జ్ అధ్యయనం, అన్నీ ఇలాగే. కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ పేజీ మాత్రం తప్పక రాసుకోండి, పేరు చూసి లండన్ అధ్యయనంతో కలిపేయకండి. 506 మంది అబ్బాయిలను ఒకరికొకరు సరిపోలే జంటలుగా జతచేసి, ప్రతి జంట నుంచి ఒకరిని తీసుకున్న సమూహానికి ఏళ్ల తరబడి ఆదరణ, సలహా, వైద్యం అందించారు. మూడు దశాబ్దాల తర్వాత జోన్ మెక్‌కార్డ్ వెతికి చూస్తే, కొన్ని విషయాల్లో సాయం అందినవారి పరిస్థితే అందనివారికంటే అధ్వానంగా ఉంది. నియంత్రిత సమూహం లేకపోయి ఉంటే ఆ కార్యక్రమాన్ని అందరూ మెచ్చుకునేవారు. చాలామంది లబ్ధిదారులు స్వయంగా మేలు జరిగిందనే చెప్పారు మరి.

పరీక్ష ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు విషయాన్ని తెలుగులో ఆలోచించండి, సాంకేతిక పదాన్ని ఇంగ్లిష్‌లో గుర్తుపెట్టుకోండి. నేను పేజీలు తెలుగులోనే రాసుకుని, మార్జిన్‌లో ఇంగ్లిష్ పదాలు ఉంచాను. పాత ప్రశ్నపత్రాలను కూడా జవాబు చూసుకుని వదిలేయకుండా, తప్పు ఆప్షన్లు మూడూ ఎందుకు తప్పో పక్కన రాశాను.

2024 జూన్ నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా లెక్కలోకి వస్తోంది. ఆ ఇంటర్వ్యూలో మీ అంశం ఏమిటని అడిగాక, దాన్ని ఎలా కొలుస్తారని తప్పకుండా అడుగుతారు. కాబట్టి ఈ యూనిట్ చదువుతుండగానే ఒక పేజీ ప్రతిపాదన రాసి పెట్టుకోండి: మీ జిల్లాలోని ఒక సమస్య, ఒక పరికల్పన, ఎవరిని అడుగుతారు, ఎవరు మీ శాంపిల్‌కు అందకుండా పోతారు. ఆ చివరి గడిని ఖాళీగా వదలకండి. ఆ పేజీ రాసినవారు కావాలంటే నాకు పంపండి, చదివి నా అభిప్రాయం రాస్తాను.