నవల మేడం, నేను, ఆ ఒక్క పుస్తకం

మన కాలేజీ పాత విద్యార్థుల సంచికకి ఆ రోజుల గురించి ‘అంతా’ రాయమని కమిటీ వాళ్లు అడిగారు. అంతా అంటే నాకు గుర్తున్నది ఫైనలియర్, అందులో నవల పాఠం చెప్పిన మన ‘నవల మేడం’. మొదటి రెండేళ్లు ఏమయ్యాయో లాస్ట్ బెంచీ వాళ్లనే అడగండి.

సిలబస్‌లో మిగతా పుస్తకాలన్నీ గైడ్ల దయే కదా! మేడంకి ‘వుదరింగ్ హైట్స్’ అనే ఇంగ్లీషు నవల ఒక్కటే లోకం. నవల తెరవకముందే నెల రోజులు దాన్ని రాసిన ఎమిలీ బ్రాంటీ ఇంట్లో కూర్చోబెట్టారు మనల్ని. యార్క్‌షైర్‌లో హావర్త్ అనే ఊరు, పాస్టరు గారి ఇల్లు, ముందు సమాధులు, వెనక గాలి కొట్టే బీడు. ఎమిలీకి మూడేళ్లప్పుడే తల్లి పోయింది. 1825లో పెద్దక్కలిద్దరూ హాస్టలు బడి నుంచి జబ్బుతో వచ్చి చనిపోయారు. ఎక్కడికి పంపినా ఇంటి మీద బెంగే. 1842లో బ్రస్సెల్స్‌లో చదువు సగంలో వదిలి వచ్చాక ఇక దాదాపు ఇల్లు కదల్లేదు. రొట్టెల పిండి పిసుకుతూ జర్మన్ చదువుకునేదట. కుక్క కరిస్తే ఎవరికీ చెప్పకుండా ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయం తనే కాల్చుకుందట. అది చెప్పిన రోజు మనం ‘బకెట్’ అని పిలిచే క్లాస్‌మేట్ మొహం చూశారుగా!

1846లో ఎమిలీతో కలిపి మిగిలిన అక్కచెల్లెళ్లు ముగ్గురూ మారుపేర్లతో, సొంత డబ్బుతో కవితలు వేస్తే మొదటి ఏడాది అమ్ముడైనవి రెండు కాపీలు. ఆ తర్వాత మన క్లాసులో ఎవరి మార్కులు చూసినా ‘రెండు కాపీలే’. 1847 డిసెంబర్లో నవల వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబర్ 19న ముప్పై ఏళ్లకే ఆమె పోయింది, చివరి రోజు దాకా డాక్టర్ని రానివ్వలేదు.

‘నేనే హీత్‌క్లిఫ్’ అని నవలలో కథానాయిక కేథరిన్ తన ప్రియుడి గురించి అనే మాట దగ్గర మేడం వారం ఆగిపోయారు. “ఆ మాట కేథరిన్ ఎవరితో అందర్రా? పనిమనిషి నెల్లీతో. హీత్‌క్లిఫ్ చాటుగా అప్పటికే సగం విని వెళ్లిపోయాడు, అవమానమైన సగం.” గడప దాటని ఎమిలీకి అంత ప్రేమ, అంత పగ ఎక్కడివని మేడం అడిగేవారు, జవాబు మాత్రం చెప్పేవారు కాదు. నన్నడిగితే హీత్‌క్లిఫ్ ప్రేమికుడేం కాదు, పిల్లల మీద కూడా కక్ష తీర్చుకున్న దుర్మార్గుడు. అసలు నవల ఆ రెండో సగమే. మనం పరీక్షకి వదిలేసింది కూడా అదే!

మా అమ్మాయి లీడ్స్‌లో డాక్టరు. పోయినసారి వెళ్లినప్పుడు హావర్త్ తీసుకెళ్లింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఎమిలీ చివరి ఊపిరి విడిచిందంటారే, ఆ సోఫా అక్కడే ఉంది. “అమ్మా, బోర్డుల మీద లేనివి కూడా చెప్తున్నావే!” అంది అమ్మాయి. తర్వాత బీడులో టాప్ విథెన్స్ అనే పాడుబడిన ఇంటి దాకా నడిచాం. నవలలోని ఇంటికి ఇదే మూలమని జనం వెళ్తారు. గోడకున్న పలక మాత్రం, ఈ కట్టడం పూర్తిగా నిలబడి ఉన్న రోజుల్లో కూడా ఆమె వర్ణించిన ఇంటిలా లేదని చెప్తుంది. మేడం అయితే దాని మీద ఇంకో వారం లాగేవారు.

అక్కడ దిగిన ఫోటో కమిటీకి పంపాను. కింద పేరు పక్కన ‘రిటైర్డ్ చీఫ్ మేనేజర్’ అని తప్పక వేయండి. లాస్ట్ బెంచీ వాళ్లు చూడాలి.