వాలుగ కోసం బతికున్న ఎర: పట్టడం కంటే కాపాడుకోవడమే పెద్ద పని

వాలుగకు గాలం వేయాలంటే ముందు చిన్న చేప చేతికి రావాలి. కొన్ని జెల్లలు వాసన పట్టుకుని వచ్చి వానపామునైనా, చేప ముక్కనైనా మింగేస్తాయి. వాలుగ ముఖ్యంగా వేటాడి తినే చేప. దాని కంటి చూపు అంతంతమాత్రం. మీసాలతో, ఒంటితో నీటి కదలికను పసిగట్టి వస్తుంది. అందుకే గాలానికి ఉన్న చేప బతికుంటే చాలదు, చీకటి పడ్డాక కూడా హుషారుగా కొట్టుకోవాలి. మొన్న వేసవిలో ఒక రాత్రి వేటకు నేను పడ్డ తిప్పలన్నీ దీని కోసమే.

ఎండ తగ్గుతుండగా నది ఒడ్డున లోతులేని చోట గడ్డి అంచు వెంట నడిచాను. నీటి మీద చినుకులు పడుతున్నట్టు చిన్న చిన్న సుడులు లేస్తుంటే కింద మంద ఉన్నట్టే. నానబెట్టిన తవుడు ఉండలు రెండు విసిరి, కాసేపు కదలకుండా కూర్చున్నాను. సూర్యుడు వీపు వెనక ఉంటే మన నీడ నీటి మీద పడి మంద చెదిరిపోతుంది. కాబట్టి ఎండ ముఖాన పడేలా నిలబడటం మంచిది.

విసురు వలకు కన్ను, అంటే రంధ్రం ఎంత ఉందన్నది, ముఖ్యం. కన్ను పెద్దదైతే చిన్న చేప తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది, అలాంటిది ఎరగా పనికిరాదు. మరీ సన్నదైతే వల నెమ్మదిగా మునుగుతుంది, ఆలోపు మంద జారుకుంటుంది. నేను పట్టేది 10 నుంచి 15 సెంటీమీటర్ల చేపల్ని, దానికి సుమారు ఒక సెంటీమీటరు కన్ను సరిపోతుంది. తాడు ఉచ్చు మణికట్టుకు వదులుగా వేసుకుని, వల మడతలు కొన్ని మోచేతి మీద వేసుకుని, నడుము తిప్పి వదిలాను. వల గుండ్రంగా విచ్చుకుని పడితే సీసం గుళ్లన్నీ ఒకేసారి నీళ్లను తాకుతాయి, ఆ చప్పుడు విడిగా తెలుస్తుంది. గుళ్లు అడుగుకు చేరేదాకా ఆగి, తాడును నెమ్మదిగా లాగాను.

వల ఇసుకలో దులపకూడదు. నీళ్లున్న టబ్బులోకే దులిపి, చేతులు తడుపుకుని ఏరుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది. అది పోయిన చేపకు రోగాలు త్వరగా సోకుతాయి, ఎక్కువసేపు నిలవదు. పరిగెలు, చిన్న తిలాపియాలు ఉంచుకుని, పొలుసులు రాలినవాటినీ, బొచ్చె, శీలావతి పిల్లల్నీ వెంటనే నదిలో వదిలేశాను. పడవల రేవు పక్కన నాచు ఎక్కువగా ఉండి వల వేయడం కుదరలేదు. అక్కడ చిన్న గాలానికి పిండి తగిలించి ఒక్కొక్కటిగా పట్టాను. ఆలస్యమవుతుంది కానీ, వలలో నలిగిన చేప కంటే ఇలా పట్టినది ఎక్కువసేపు చురుగ్గా ఉంటుంది.

అసలు టెన్షన్ ఇక్కడి నుంచే. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది దాదాపు 7.5కి పడిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేపకు కావాల్సిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. అందుకే 20 లీటర్ల బకెట్‌లో ఆరేడు చేపల్నే వేసి, బ్యాటరీ ఎయిర్ పంప్ పెట్టి, బకెట్ చుట్టూ తడి గోనె చుట్టాను. అయినా కాసేపటికి రెండు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి. ఆ గుర్తు కనబడితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. సగం నీళ్లు పారబోసి నదిలోని నీళ్లే పోశాను. ఊపిరాడకపోవడం ఒక్కటే కాదు, వాటి విసర్జనతో పేరుకునే అమ్మోనియా కూడా వాటిని చంపేస్తుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, ఆ జోలికే పోవద్దు. గాలం వేసే చోటికి చేరాక అన్నిటినీ జాలీ బుట్టలోకి మార్చి ఆ బుట్టను నదిలోనే దించాను. వీలున్న చోట దీన్ని మించిన పద్ధతి లేదు.

ఇంకొక్క మాట, ఇది గట్టిగానే చెబుతాను. ఒక నీటిలో పట్టిన ఎరను ఇంకో నీటిలో వాడకండి. రోగాలు, పరాయి జాతులు అలాగే పాకుతాయి, ఒకసారి చేరాక తీసేయడం దాదాపు అసాధ్యం. బతికున్న ఎరను నిషేధించిన చోట్లు కూడా ఉన్నాయి, కాబట్టి స్థానిక నిబంధనలు ముందే కనుక్కోవాలి.

చీకటి పడ్డాక వీపు రెక్కకు కాస్త కింద, వెన్నెముకకు తగలకుండా కొక్కెం గుచ్చాను. ప్రవాహం బలంగా ఉన్న చోటయితే పెదవులకు గుచ్చుతాను, అప్పుడు ఎర నీటికి ఎదురుగా నిలుస్తుంది. బెండు చాలాసేపు ఒకే తీరుగా అటూ ఇటూ తిరిగింది. ఉన్నట్టుండి గజగజ వణికింది, పక్కకు ఒక్క ఉదుటున జరిగింది. పెద్ద చేప దగ్గరికొచ్చిందని ఎర పసిగట్టినప్పుడు బెండు ఇలాగే ఆడుతుంది. ఎర నీరసంగా ఉంటే ఈ కబురు మనకు అందదు. తర్వాత బెండు మునిగింది. నాది మొన లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ కాబట్టి కొరడా ఝళిపించినట్టు లాగలేదు. దారం బిగిసేదాకా ఆగి రీల్ తిప్పాను, కొక్కెం దవడ మూలలో పట్టింది.

ఒడ్డుకొచ్చిన వాలుగ నోటి నిండా సన్నని పళ్లుంటాయి, వేలు పెడితే కొరుకుతుంది. పొడవాటి పట్టకారుతో కొక్కెం తీశాను. బుట్టలో మిగిలిన పరిగెల్ని పట్టిన చోటే వదిలేశాను. తిలాపియాల్ని మాత్రం వేరు చేశాను, అవి అక్కడి జాతి కాదు కాబట్టి తిరిగి వదలడం సరికాదనిపించింది.