అన్న ఆయిల్ ఇంజన్: మళ్లీ నడిపించే పని ఎంతవరకు వచ్చిందంటే

బాయి నీళ్లు తోడే డీజిల్ ఇంజన్, కిర్లోస్కర్ ఏవీ1. సింగిల్ సిలిండర్, నీళ్లతో చల్లబడే రకం. 5 హార్స్ పవర్, 1500 ఆర్పీఎం, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 110. పరకాల అవతల మా బాయికాడ, రేకుల కొట్టంలో ఉంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక దాని పని తగ్గింది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చాక అసలు అవసరమే లేకుండా పోయింది. అయినా అన్న దాన్ని పాత ఇనుముకు వేయనివ్వలేదు. ఏటా ఒకసారి నడిపి, తుడిచి, సైలెన్సర్ మూతికి డబ్బా బోర్లించి పెట్టేవాడు. అన్న పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు.

సంక్రాంతి తర్వాత

ఇంజన్ పక్కనుండే బరువు చక్రం, ఫ్లైవీల్, ఇద్దరం పట్టి లాగినా కదల్లేదు. ఇలాంటప్పుడు గడ్డపార పెట్టి తిప్పొద్దు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పి, ఆ రంధ్రంలోంచి సగం డీజిల్, సగం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే పల్చటి ఆయిల్) కలిపి పోశాను. కొన్ని రోజులు నాననిచ్చి, రోజూ ఫ్లైవీల్‌ను ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం ఊపుతూ వచ్చాను. ఒకరోజు పొద్దున వేలెడంత కదిలింది, సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది. పోసిన నూనె అంతా బయటికి వచ్చేదాకా ఇంజెక్టర్ బిగించకండి. ద్రవం నొక్కుకోదు కదా, లోపల నిలిచి ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

తర్వాత సిలిండర్ మీది మూత, హెడ్డు, దించాను. ఇన్నేళ్లు కదలని ఇంజన్ కదా, స్టడ్లు విరుగుతాయేమోనని టెన్షన్ పడ్డాను. ఒక్కటీ విరగలేదు. ప్రతి నట్టు కింద పల్చగా గ్రీజు ఉంది. తీసిన పార్టు ఏ వైపు తిప్పి పెట్టాలో తెలిసేలా సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి ఉన్నాయి. ట్యాపెట్ కవర్ లోపలి వైపు తెల్ల పెయింటుతో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులకు ఉంచాల్సిన గ్యాపులు రాసి ఉన్నాయి. అన్న చేతిరాతే.

చిన్నప్పుడు అన్న పక్కన కూర్చుని పానాలు అందించేవాణ్ణి. అప్పుడు ఎప్పుడూ ఒక మాట అనేవాడు: "తమ్మీ, గ్రీజు పెట్టి బిగియ్యి. రేపు ఇప్పేటోడు మనల్ని తిట్టుకోవద్దు." ఆ ఇప్పేటోడు ఎవరో అప్పట్లో నాకు తెలియదు. ఇప్పుడు ఒక్కో నట్టు చేతికి సులువుగా వస్తుంటే అన్న నా గురించే అన్నట్టు అనిపించింది.

అన్న గురించి కొంచెం చెప్పాలి. ఐటీఐలో ఫిట్టర్ చేశాడు. కొన్నాళ్లు రైస్ మిల్లులో పనిచేసి, తర్వాత ఊళ్లోనే ఉండిపోయాడు. ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. బేరింగు మోతనా, ట్యాపెట్ మోతనా విప్పకముందే చెప్పేవాడు. నడవలేని తన దోస్తు కోసం చేతులతో తిప్పే పెడళ్లు పెట్టి మూడు చక్రాల సైకిల్ చేశాడు. దానికి వెనక్కి జారకుండా బ్రేక్ లాక్ కూడా పెట్టాడు, ఎందుకంటే వాళ్ల ఇల్లు ఎత్తు మీద ఉంటుంది. మక్కచేనుకు పిట్టలు రాకుండా గాలికి తిరిగి ప్లేటు మీద కొట్టుకునే రేకు ఫ్యాన్లు ఎంతమందికి చేసిచ్చాడో లెక్క లేదు. షాఫ్టు మీద నేరుగా సుత్తితో కొడితే మాత్రం ఎవరినైనా అరిచేవాడు. నాకు అన్నే, దోస్తూ ఆయనే. పరీక్ష తప్పినా, ఉద్యోగం పోయినా ముందు ఆయనకే చెప్పేవాణ్ణి. వింటూ వింటూ నా చేతికి ఏదో ఒక పార్టు ఇచ్చి తుడవమనేవాడు.

శివరాత్రి నాటికి

వరంగల్‌లో లేత్ షాపుకు తీసుకెళ్లి బోరు కొలిపించాను. పైన, మధ్యన, కింద మూడు చోట్ల గేజ్ పెట్టి చూశారు. అరుగుదల హద్దులోనే ఉంది, పిస్టన్ రింగులు మారిస్తే చాలన్నారు. పాత రింగును పిస్టన్‌తో బోరులోకి సమంగా నెట్టి, దాని రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే మిల్లీమీటర్ దాటింది. 80 బోరుకు సుమారు పావు మిల్లీమీటర్ ఉండాలి. కొత్త రింగులు వేసేటప్పుడు వాటి నోళ్లు ఒకే వరుసలో రాకుండా చుట్టూ పంచి పెట్టాలి.

వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో నూరాను. ఈ పనికి తొందర పనికిరాదు. నూరాక సీటు చుట్టూ బూడిద రంగు పట్టీ ఎక్కడా తెగకుండా కనిపించాలి. హెడ్డు బోర్లించి, వాల్వులు మూసి కిరోసిన్ పోసి వదిలేయండి, చుక్క దిగకపోతే సరిపోయినట్టే. స్ప్రింగులు నొక్కే పనిముట్టు లేత్ షాపాయనే తెచ్చిచ్చాడు. పాత లారీ పట్టీ కోసి అన్న చేసినదట, వాళ్ల షాపులో నేటికీ అదే వాడుతున్నారు. పక్కన అన్న పంచ్‌తో కొట్టిన చుక్క చూసి గుర్తుపట్టాను.

ఎక్కువ కష్టపెట్టింది సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే వాటర్ జాకెట్. బాయి నీళ్ల ఉప్పు లోపల గోడలకు సున్నంలా పేరుకుపోయి దారి సగం మూసుకుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మఉప్పు కలిపి నింపితే బుస్సుమని పొంగింది. పొంగు ఆగాక ఒంపి, మళ్లీ నింపాను. చివర్లో బట్టల సోడా నీళ్లతో కడిగాను, లేకపోతే మిగిలిన పులుపు ఇనుమును తింటుంది.

ఇంజెక్టర్ కొసన ఉండే నాజిల్‌ను టెస్టర్ మీద పెట్టించాను. 200 బార్ దగ్గర సన్నగా మంచులా కొట్టాలి, మాది చుక్కలు కారింది. కొత్తది వేయించాను.

ఉగాది ముందు వారం

డీజిల్ పోసి ఎయిర్ తీశాను. వరుస ఇది: ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత డీజిల్ పంపు, ఆఖరుకు ఇంజెక్టర్ దగ్గరి పైపు నట్టు. బుడగలు పోయి డీజిల్ నిండుగా వచ్చాక బిగించాలి. హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా వాల్వు తెరిచి ఉంచే డీకంప్రెషన్ లివర్ ఎత్తి, హ్యాండిల్ తిప్పితే నాజిల్ కిర్ర్‌మనాలి. ఆ చప్పుడు రాకుండా ఎంత తిప్పినా భుజాలు నొప్పే తప్ప ఇంజన్ అందుకోదు. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉంచాలి. ఎదురు తన్నితే బొటనవేలు విరుగుతుంది.

నేను హ్యాండిల్ కొట్టాను, అన్న కొడుకు లివర్ వదిలాడు. రెండు దెబ్బలు తెల్లపొగ కక్కి అందుకుంది. వదిన కొట్టం బయట నిలబడి కాసేపు విని, "జర స్పీడు తగ్గియ్యి. మీ అన్న ఇంత జోరుగ నడుపకపోతుండె" అంది. స్పీడును అదుపు చేసే గవర్నర్ స్ప్రింగ్ నట్టు కొంచెం వదిలాను. ఇంకొంచెం అంది. మళ్లీ వదిలాను. "ఆ, ఇగ సరే" అన్నాక టాకోమీటర్ పెట్టి చూశాను, 1500కు అటూ ఇటూగా చూపించింది.

ఇంకా మిగిలిన పని: కొంచెం నీలిపొగ ఉంది, కొత్త రింగులు బోరులో కుదురుకునేదాకా చూస్తాను. నీళ్ల పంపు షాఫ్టు దగ్గర నీళ్లు కారకుండా చుట్టే గ్లాండ్ దారం మార్చాలి. బాయిలోని పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు తోలు వాషర్ ఎండిపోయింది, అదీ మార్చాలి. కొట్టంలో అన్న బిస్కెట్ డబ్బా ఒకటి దొరికింది. అందులో బాగుచేసిన మూడు నాజిళ్లు, ఒక్కోదానికి నూనె గుడ్డ చుట్టి, చీటీ మీద ఊరి పేరు రాసి ఉన్నాయి. ఆత్మకూరుది, శాయంపేటది వాళ్ల ఇళ్లు వెతికి ఇచ్చొచ్చాను. రేగొండది ఎవరిదో ఇంకా తెలియలేదు. చీటీలో "రేగొండ, చెరువు కింది బాయి, పిన్ను మార్చిన" అని మాత్రమే ఉంది. వచ్చే ఆదివారం అటు వెళ్లి అడుగుతాను.