పికప్‌కి అదనపు లైట్లు: ఈ రోజు పని

పొద్దున్నే బోనెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ లగ్గు (వైరు చివరి లోహపు ముక్క) విప్పడంతో పని మొదలైంది. ముందు విప్పాల్సింది నెగటివే. బండి బాడీ నెగటివ్‌కి కలిసే ఉంటుంది, కాబట్టి పాజిటివ్ నట్టు మీద స్పానర్ ఉండగా దాని రెండో కొస బాడీకి తగిలితే నేరుగా షార్టే. నెగటివ్ ముందే ఊడి ఉంటే ఆ స్పానర్ బాడీకి ఎక్కడ తగిలినా ఏమీ కాదు. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర్న.

లైట్లు రెండు, ఒక్కోటి 60 వాట్ల ఎల్‌ఈడీ. వైరు కొనేముందే లెక్క వేసుకోవాలి. 120 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 10 ఆంపియర్లు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే జనరేటర్) దాదాపు 14 వోల్టులు ఇస్తుంది కాబట్టి నిజంగా పారేది ఎనిమిదిన్నర దగ్గర ఉంటుంది. అయినా వైరుకీ ఫ్యూజుకీ 10 అనే పట్టుకుంటాను. చాలా ఎల్‌ఈడీ లైట్లలో లోపలి డ్రైవర్ సర్క్యూట్ వాట్లు తగ్గనివ్వదు, వోల్టేజి పడితే ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకాస్త కరెంటు లాగుతుంది.

బ్యాటరీ నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) మీదుగా బంపర్ దాకా, తిరుగు దారితో కలిపి వైరు 6 మీటర్లు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి మీటరుకు ఏడున్నర మిల్లీఓమ్‌ల నిరోధం. ఆ లెక్కన 10 ఆంపియర్లకి దారిలో పోయేది 0.45 వోల్టు. అదే 1 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే 1.1 వోల్టు పోతుంది. అంటే దాదాపు 11 వాట్లు వైరు వేడెక్కడానికే ఖర్చు. హాలోజెన్ లైట్లకి ఈ నష్టం ఇంకా గట్టిగా తగులుతుంది. బల్బు దగ్గర వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. 'లైటు మంచిదే కానీ వెలుతురు లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం సన్న వైరు, లేదంటే పాడైన ఎర్త్, అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగెళ్లే కలయిక.

ఫ్యూజు 15 ఆంపియర్లది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 15, 20 సెంటీమీటర్లు దాటకుండా దాని హోల్డర్ పెట్టాలి. ఫ్యూజు కాపాడేది వైరును. ఫ్యూజుకి ముందున్న ముక్క ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు దానిలోకి తోసేస్తుంది, దాన్ని ఆపేది ఏదీ ఉండదు. అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత క్షేమం. కాలిపోయిన ఫ్యూజు స్థానంలో 30 ఆంపియర్లది పెట్టడమంటే వైరునే ఫ్యూజు చేయడం. ఎందుకు కాలిందో వెతకాలి. ఎక్కువసార్లు దొరికేది ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) రంధ్రం అంచున తెగిన ఇన్సులేషనే. అక్కడ రబ్బరు గ్రొమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) లేకుండా వైరు దూర్చకూడదు.

రిలే దగ్గర తొందర పనికిరాదు. 30వ పిన్ను ఫ్యూజు నుంచి, 87 లైట్లకి, 86 స్విచ్చు నుంచి, 85 ఎర్త్‌కి. ఐదు పిన్నుల రిలేలో మధ్యలో 87ఏ ఉంటుంది. లైటు వైరు అందులోకి వెళ్తే స్విచ్చు ఆపగానే లైట్లు వెలుగుతాయి, వేయగానే ఆరిపోతాయి. రిలే లోపల 85, 86 మధ్య ఉండే కాయిల్‌కి పడేది 0.2 ఆంపియర్ లోపే, అందుకని డాష్‌బోర్డు దాకా 0.75 స్క్వేర్ ఎంఎం వైరు చాలు. లోపల డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉన్న రిలే అయితే 86కి పాజిటివ్, 85కి నెగటివ్ ఇవ్వాల్సిందే. తిరగేస్తే డయోడ్ గుండా షార్టై ట్రిగ్గర్ (రిలేని పనిచేయించే కరెంటు) వైపు ఫ్యూజు పోతుంది. రిలేని పిన్నులు కిందికి ఉండేలా బిగించాలి, పైకి ఉంటే సాకెట్‌లో నీళ్లు నిలుస్తాయి.

ట్రిగ్గర్ ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది అన్నిటికన్నా ఆలోచించాల్సిన విషయం. హైబీమ్ వైరు నుంచి తీసి, మధ్యలో డాష్ స్విచ్చు పెడితే, ఎదురుగా బండి కనిపించి డిమ్ కొట్టగానే ఈ లైట్లూ ఆరిపోతాయి. చెయ్యి రెండో స్విచ్చు వెతుక్కోనక్కర్లేదు. నాకు నచ్చే పద్ధతి ఇదే. అయితే ముందు మల్టీమీటరు పెట్టి చూడాలి. కొన్ని బండ్లలో హెడ్‌లైటు బల్బుకి పాజిటివ్ ఎప్పుడూ ఉంటుంది, హైబీమ్ స్విచ్చు కలిపేది ఎర్త్‌ని. అలాంటి బండిలో 86కి ఇగ్నిషన్ పాజిటివ్ ఇచ్చి, 85ని హైబీమ్ ఎర్త్ వైరుకి కలపాలి. ఇంకొన్నిటిలో కంట్రోల్ మాడ్యూల్ బల్బుకి కరెంటును తునకలు తునకలుగా పంపుతుంది. అక్కడ తగిలిస్తే రిలే టకటకమని కొట్టుకుంటుంది, మాడ్యూల్ లోపం ఉందనే కోడ్ కూడా చూపించవచ్చు. అప్పుడు హెడ్‌లైటు జోలికి పోకుండా ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజు ఒకటి ఎంచుకుని, విడి స్విచ్చుతో నడపడం మేలు. వైరు తోలు చీల్చి కరిచిపట్టే క్లిప్పు కనెక్టర్లు మాత్రం వద్దు. లోపలి పోగులు తెగుతాయి, తడి చేరి పచ్చగా చిలుము పడుతుంది.

మధ్యాహ్నం మొత్తం ఎర్త్ పాయింటుకే పోయింది, పోవాలి కూడా. ఫెండర్ లోపలి వైపు రేకు మీద లగ్గు సైజు కన్నా కాస్త ఎక్కువ వెడల్పున పెయింటు గీకాను. కింద ప్రైమర్ బూడిదరంగులో మిగిలి ఉంటుంది, అదీ పోవాలి, లోహం తెల్లగా మెరవాలి. ఆ మీద పళ్ల వాషర్, దాని మీద లగ్గు, బోల్టు. బిగిస్తుంటే వాషర్ పళ్లు లోహంలోకి దిగుతున్న గరుకు చేతికి తెలుస్తుంది. అంతా బిగించాక పైన గ్రీజు పూత, తుప్పు పట్టకుండా. కొత్త బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉంటుంది, బ్యాటరీలోంచి ఎంత పోతోందో లెక్కపెడుతుంది. అదనపు లైట్ల ఎర్త్‌ని నేరుగా బ్యాటరీ పోస్టుకి తగిలిస్తే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, చార్జింగ్ లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వాలి.

లగ్గులు సోల్డర్ చేయకుండా క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురున్న, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. సోల్డర్ పోగుల్లోకి పాకి వైరును గట్టి పుల్లలా చేస్తుంది. అదురుకి సరిగ్గా ఆ గట్టిదనం ముగిసే చోటే విరుగుతుంది. లైట్ల దగ్గర డాయిచ్ డీటీ అనే, నీళ్లు చొరని కనెక్టర్లు వాడాను. వాటి 16 సైజు పిన్ను 13 ఆంపియర్లు మోస్తుంది, ఒక్కో లైటుకి 5 ఆంపియర్లే కాబట్టి బోలెడంత వెసులుబాటు. కనెక్టర్‌కి ముందు వైరు ఒకసారి కిందికి వేలాడి పైకెక్కాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి.

బ్రాకెట్లు బంపర్ మీద, రేడియేటర్‌కి గాలి అడ్డుకోని చోట. పార్కింగ్ సెన్సర్ల ముందుకు రాకూడదు. పైకప్పు మీద పెడితే దూరం కనిపిస్తుంది కానీ బోనెట్ మీద పడ్డ వెలుగు తిరిగి కళ్లలో కొడుతుంది, దుమ్ములో మరీ ఎక్కువ. రేకు వెనక పెద్ద వాషర్, నైలాన్ లాక్ నట్టు. స్టీలు బోల్టు అల్యూమినియం బాడీలోకి వెళ్లేచోట యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా రాసే పూత) పూయకపోతే ఏడాదో రెండేళ్లో పోయాక ఆ బోల్టు ఊడి రాదు.

వెలిగించాక మల్టీమీటరు. లైట్లు వెలుగుతూ ఉండగానే కొలవాలి, ఆపి కొలిస్తే తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న వైరు కూడా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. బ్యాటరీ పాజిటివ్‌కీ లైటు పాజిటివ్‌కీ మధ్య అర వోల్టు లోపు, లైటు నెగటివ్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దగ్గర ఉంటే సరే. రెండోది అంతకన్నా బాగా ఎక్కువ వస్తే ఎర్త్ బోల్టు విప్పి మళ్లీ గీకాలి.

చీకటి పడ్డాక గురి సరిచేయడం. గోడకి 7.5 మీటర్ల దూరంలో సమతల నేల మీద బండి నిలిపి, లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద టేప్‌తో గుర్తు పెట్టాలి. వెలుగు నడిబొడ్డు ఆ గుర్తుకి కాస్త కిందే పడాలి. పికప్ విషయంలో ఇక్కడో చిక్కుంది. వెనక బరువు వేస్తే వెనక భాగం కుంగి ముక్కు పైకి లేస్తుంది. చక్రాల మధ్య దూరం 3 మీటర్లు అనుకుంటే, వెనక 5 సెంటీమీటర్లు కుంగినా 60 మీటర్ల దూరంలో వెలుగు ఒక మీటరు పైకి లేస్తుంది. ఖాళీ బండితో చేసిన గురి బరువెక్కాక చెట్ల కొమ్మల్ని చూపిస్తుంది, ఎదుటి బండివాళ్ల కళ్లలో పడుతుంది. మామూలుగా ఎంత బరువు మోస్తుందో అంతా వేసి, టైర్లలో గాలి సరిచూసి, అప్పుడే గురి పెట్టాలి.

స్పాట్ లైటు ఒకటి నేరుగా ముందుకి, వెడల్పు వెలుగుది ఒకటి ఎడమకి కొద్దిగా తిప్పి బిగించాను. రోడ్డెక్కితే కవర్లు వేసి ఉంచాలి, చాలాచోట్ల చట్టం అడిగేదీ అదే. గరుకు దారిలో ఒక తిరుగుడు తిరిగొచ్చాక బ్రాకెట్ బోల్టులు మళ్లీ బిగించి, ఆ రెండు వోల్టేజీలు ఇంకోసారి కొలవాలి. ఈ రోజు వచ్చిన అంకెలు ఫ్యూజు మూత లోపల స్టిక్కర్ మీద రాసి అంటించాను, ఫ్యూజు 15 ఆంపియర్లు అన్నదానితో సహా.