ఫాక్స్ అక్కచెల్లెళ్ళ టక్ టక్

ఆత్మలతో మాట్లాడతారని పేరుపడ్డ ఫాక్స్ అక్కచెల్లెళ్ళ కథ ఆడియోలో వింటున్నాను. ఈ ఘట్టానికి రాగానే ఆపేసి, మళ్ళీ వెనక్కి జరిపి విన్నాను.

1888 అక్టోబరు 21. న్యూయార్క్‌లో ఒక పెద్ద హాలు, నిండా జనం. మ్యాగీ ఫాక్స్ స్టేజి మీద షూ విప్పి, కాలివేలి కీళ్ళతో టక్ టక్‌మనిపించింది. ఆత్మలు మాట్లాడుతున్నాయని నలభై ఏళ్ళుగా లక్షలమంది నమ్మింది ఈ చప్పుడునే.

1848లో అమెరికాలోని హైడ్స్‌విల్ అనే పల్లెలో ఇది మొదలైనప్పుడు తనూ, చెల్లెలు కేట్ చిన్నపిల్లలు. అమ్మను భయపెట్టడానికి ఆడిన ఆట అని తనే చెప్పింది. మరుసటి ఏడాదికే రోచెస్టర్‌లో టికెట్ పెట్టి ప్రదర్శన! 1852కల్లా మీడియమ్‌లు, అంటే ఆత్మలతో మాట్లాడిస్తామనేవాళ్ళు, లండన్ చేరారు. విక్టోరియా కాలపు ఇళ్ళలో దీపాలు తగ్గించి, బల్లల చుట్టూ కూర్చోవడం మొదలైంది.

నమ్మినవాళ్ళని తప్పుపట్టాలనిపించడం లేదు. ఇంటింటా పసిబిడ్డలు పోయే రోజులవి. బిడ్డ దగ్గర్నుంచి ఒక్క టక్ వినిపిస్తుందేమోనని ఏ తల్లి కూర్చోదు? ఆ పిల్లలిద్దరినీ ఊరూరా తిప్పి డబ్బు చేసుకున్న పెద్దల మీదే నా కోపమంతా.

అదంతా ఆటేనన్న తన మాటని మ్యాగీ ఏడాదికే వెనక్కి తీసుకుంది. 1892లో కేట్, 1893లో మ్యాగీ, ఇద్దరూ పేదరికంలోనే పోయారు.

పొద్దుట్నుంచీ వాళ్ళ గురించే ఆలోచిస్తున్నా.